తడపని పిచ్

జమీలా ఆపాకు తమ్ముడు సలాములతో రాయునది.

నీ కొడుకు తుహిన్ ఆటలో జారిపడ్డాడని నీకు ఫోన్లో చెప్పాను. అది సగమే నిజం. ముందురోజు దాకా మా స్టేడియంలో క్రికెట్ ఆడారు. ఫుట్‌బాల్‌కు ముందు నడిమధ్య గట్టిపడ్డ పిచ్‌ను తడిపి మెత్తబరచవలసినవాణ్ణి నేనే. "వచ్చేవారం మళ్ళీ క్రికెట్ ఉంది. చుక్క నీళ్ళు పోశావో, నీ ఉద్యోగం ఊడుతుంది!" అన్నాడు అధికారి. నేను నీళ్ళ గొట్టం చుట్టేశాను.

ఆటకు ముందు తుహిన్ బూటుతో నేల తన్ని చూశాడు.

"ఏంటి మామా, ఇది తారురోడ్డులా ఉంది?"

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే! పోరా, పోయి గోల్ కొట్టు," అని నవ్వేశాను.

పది నిమిషాలకే ఆ పిచ్ మీద పడి వాడి మోకాలు చితికిపోయింది. ఇక జన్మలో ఆడలేడని డాక్టరు చెప్పాడు.

నేను చేసింది వాడికి తెలియదు. రోజూ నా చేతి అన్నమే తింటున్నాడు. నిన్న నా కళ్ళు తుడిచి, "నేనే చూసుకుని పరుగెత్తాల్సింది మామా, నువ్వేడవకు" అన్నాడు. అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

శుక్రవారం లాంచీలో వాణ్ణి బరిసాల్‌కు, నీ ఇంటికి తీసుకొస్తున్నాను. వాడికి అన్నం పెట్టాక ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు, ఆపా. నేను వాకిట్లో నిలబడి ఉంటాను. వాడు పిలిస్తేనే లోపలికి వస్తాను.

నీ తమ్ముడు