వీణ మెట్లు దానికే ఉంచు

తమ్ముడు మోనాచారికి నంద్యాల నుంచి అక్క కాళాంబ దీవించి రాస్తున్నది. ఉలి చప్పుడులో నీకు ఫోను వినపడదు, అందుకే ఈ కార్డు.

మోక్షితను ఎముకల డాక్టరమ్మకు చూపించాను. నీ కూతురి కాలినొప్పి నువ్వనుకున్నట్టు పని ఎగ్గొట్టే సాకు కాదురా. ఎక్సరేలో ఎముక బాగానే ఉంది. డాక్టరమ్మ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంటికాడ రాయి ముందర ఎట్ల కూర్చుంటావో అట్ల కూర్చో తల్లీ" అంది. పిల్ల గొంతుక్కూర్చుని ఉలి పట్టినట్టు చేతులు పెట్టిందో లేదో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ చీలమండ ముందువైపు నొక్కి "ఈడనేనా?" అంటే "ఆడనే" అంది. రెండేళ్ళ కింద ఖోఖోలో కాలు మడతపడిందే, అప్పటినుంచి లోపల కండ మందమైందట. పాదం వంగినప్పుడల్లా అది ఎముకల మధ్య నలుగుతోందట. గొంతుక్కూర్చోవడం మాన్పించి కసరత్తులు చేయించాలి. తగ్గకపోతేనే చిన్న ఆపరేషను. ఈ సెలవులు రెండు నెలలూ నా దగ్గరే ఉంచుకుని చేయిస్తాను.

విగ్రహం ముందు పీటెక్కి కూర్చోకూడదంటావని తెలుసు. అయితే రాయినే బల్ల మీదికెత్తు, పిల్ల వచ్చాక నిలబడి చెక్కుతుంది. మరదలి దగ్గు తగ్గిందా? రాతిదుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకోమను. ఇద్దరికీ నా ఆశీస్సులు.

రెండు నెలలనగానే పిల్ల సంబరపడలేదు. "సరస్వతమ్మ వీణకు మెట్లు నాచేత చెక్కిస్తా అన్యాడు నాయన. అంతవరకు ఆగుతాడా అత్తా?" అని అడిగింది. ఆగుతాడని మాటిచ్చాను. వాటి జోలికి పోవద్దు.