రెండు బ్యాటరీలు, రెండు కడ్డీలు

మార్చి 2, ఆదివారం

ఎండ. గాలి లేదు. బాల్కనీ కడిగాను. తూములో అడ్డుపడిన ఆకులు తీశాను.

వైరు లేని డ్రిల్లు వచ్చింది! రెండు బ్యాటరీలు, ఒక చార్జర్, ఒక చిన్న పుస్తకం. పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాను. నాకు వచ్చిన పనులన్నీ ఇలాంటి పుస్తకాలు చదివి నేర్చుకున్నవే. చేయి పట్టుకుని నేర్పినవాళ్ళు లేరు.

పాత డ్రిల్లు బ్యాటరీ ఏడాది తిరక్కుండా పోయింది. నెలల తరబడి చార్జర్ మీదే వదిలేశాను. ఈసారి అలా జరగదు. ఈ రోజు నుంచి:

పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకూడదు. వేగం తగ్గగానే ఆపాలి.
వేడిగా ఉండగా చార్జింగుకి పెట్టకూడదు.
నిండగానే చార్జర్ మీంచి తీసేయాలి.
వాడని రోజుల్లో సగం చార్జితో చల్లని చోట దాచాలి.
బలంగా నొక్కకూడదు. రంధ్రం చేసే బిట్ పదునుగా ఉంటే అదే దిగుతుంది.
ఎవరికీ అరువివ్వకూడదు. (ఇది పుస్తకంలో లేదు. నాది.)

అత్తయ్యగారు వాళ్ళ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. ఇంకో మూడు వారాల్లో ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే వస్తారు. బావమరిది ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మళ్ళీ పడితే మాత్రం కష్టమని డాక్టరు గట్టిగా చెప్పాడట. అందుకని ఆవిడ పట్టుకోవడానికి రెండు స్టీలు కడ్డీలు బిగించాలి. బాత్రూంలో ఒకటి, నడవ గోడకి ఒకటి. మొత్తం ఎనిమిది రంధ్రాలు. ఒక పూట పని.

బ్యాటరీల కింద మెత్తటి గుడ్డ పరిచాను. మా ఆవిడ చూసింది.

"మెషిన్ కొన్నారా, పసిబిడ్డని ఎత్తుకొచ్చారా?"

నిల్వ (బ్యాటరీ మీద వెలిగే చార్జి దీపాల లెక్కన): ఒకటో బ్యాటరీ నాలుగు దీపాలు. రెండోది నాలుగు. (గోడౌన్లో సరుకు రాసే ఉద్యోగం. నిల్వ రాయనిదే రోజు ముగిసినట్టుండదు.)

మార్చి 4, మంగళవారం

మబ్బు. చెత్తబుట్ట మూత అతికించాను.

ఆఫీసు నుంచి రాగానే డ్రిల్లు తీశాను. ఇంట్లో వదులుగా ఉన్న తలుపు బందులన్నీ బిగించాను. వంటింటి అలమర, బట్టల అలమర, వీధి తలుపు. ఏమి వేగం! చేత్తో అయితే మణికట్టు ఊడొచ్చేది. రెండు దీపాలకు రాగానే ఆపేశాను. మనసు ఇంకా కావాలంది. ఆగాను. నియమం నియమమే.

బ్యాటరీ గోరువెచ్చగా ఉంది. చల్లారేదాకా కూర్చుని చార్జింగుకి పెట్టాను. నిండేదాకా కూర్చుని తీశాను.

"అన్నం చల్లారిపోతోంది, దాని పక్కన కూడా కాసేపు కూర్చోండి," అంది మా ఆవిడ.

నిల్వ: నాలుగు, నాలుగు.

మార్చి 7, శుక్రవారం

ఎండ మళ్ళీ ముదిరింది. నీళ్ళ ట్యాంకు మూత సరిచేశాను.

నాలుగు దీపాలతో దాచడం తప్పు. సగమే ఉండాలి. అందుకని ఇంటి వెనక పాత చెక్కలో స్క్రూలు దింపి, తీసి, మళ్ళీ దింపి రెండింటినీ రెండు దీపాలకు తెచ్చాను. ఇక చల్లని చోటు వెతకాలి. ఫ్రిజ్ పనికిరాదు, తేమ పడుతుంది. ఇల్లంతా చేయి పెట్టి చూశాను. మా ఆవిడ బట్టల అలమరలో అడుగు అర అన్నిటికన్నా చల్లగా ఉంది. అందులోని స్వెట్టర్లు తీసి డ్రిల్లు పెట్టెలో పెట్టి, స్వెట్టర్ల చోట బ్యాటరీలు పెట్టాను.

సాయంత్రం అలమర తెరిచిన చప్పుడు. తర్వాత డ్రిల్లు పెట్టె తెరిచిన చప్పుడు.

నిల్వ: రెండు, రెండు.

మార్చి 9, ఆదివారం

విపరీతమైన ఎండ. గిన్నెల స్టాండు తుడిచాను.

ఈ రోజు కడ్డీలు బిగించాలనుకున్నాను. కానీ బాత్రూం గోడ మీద చేయి పెడితే పొయ్యి మీద పెట్టినట్టుంది. ఇంత వేడిలో బ్యాటరీ వాడితే ఆయుష్షు తగ్గుతుంది. సాయంత్రం చేద్దామనుకుంటే పక్కింట్లో పసివాడు నిద్రపోయాడు.

"కడ్డీల సంగతేమిటి?" అంది మా ఆవిడ.

"బ్యాటరీలు సరిగ్గా సగంలో ఉన్నాయి. ఇప్పుడు వాడితే సగం కన్నా తగ్గుతాయి."

"వాడితే తగ్గవా మరి?"

"అందుకే."

మా ఆవిడ తడిబట్టలు తీసుకుని మేడమీదికి వెళ్ళింది.

బావమరిది ఫోన్ చేశాడు. "పది నిమిషాల పని బావా, నేనొచ్చి బిగించి పోతా." వద్దన్నాను. వాడు దేన్నైనా గొంతు పిసికినట్టు పట్టుకుంటాడు.

నిల్వ: రెండు, రెండు. మార్పు లేదు. సంతృప్తిగా ఉంది.

మార్చి 11, మంగళవారం

ఉక్క. చెప్పుల స్టాండు సర్దాను.

ఘోరం! నేను గోడౌన్లో ఉండగా బావమరిది వచ్చి డ్రిల్లు పట్టుకుపోయాడు. వాడి సైకిల్ రిపేరు కొట్టు పక్క వీధికి మారుస్తున్నాడు. పాత బోర్డు, పాత అరలు అన్నీ విప్పాలట. మా ఆవిడే ఇచ్చింది. పొద్దుగూకే వేళకి తెచ్చిచ్చాడు. అప్పటిదాకా స్కూటర్ డిక్కీలో, ఎండలో ఉంది. ఒకటో బ్యాటరీ సున్నా. ముట్టుకుంటే కాలింది.

"పూర్తిగా దింపేశావా?"

"అయిపోతే మళ్ళీ ఎక్కించుకుంటాం కదా బావా! అదేమన్నా రక్తమా?"

దీన్ని నా తప్పుగా రాసుకోను. నేను పాటిస్తున్నాను. పాటించనిది వాడు.

నిల్వ: సున్నా, రెండు.

మార్చి 13, గురువారం

మబ్బు. సబ్బు పెట్టె కడిగాను.

ఆసుపత్రి నుంచి ఫోన్. అత్తయ్యగారు బాగానే నడుస్తున్నారట, మంచం ఖాళీ చేయాలట. ఎల్లుండే పంపించేస్తారు. మూడు వారాలన్నారు, రెండు కూడా నిండలేదు.

మా ఆవిడ కడ్డీలు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళింది. ఏదో ఒకటి అంటే బాగుండేది.

మార్చి 14, శుక్రవారం

ఎండో మబ్బో గమనించలేదు. పని ఏదీ చేయలేదు, ఇది తప్ప.

రెండు బ్యాటరీలూ పూర్తిగా నింపి మొదలుపెట్టాను. టైలు మీద బిట్ ఆనించి మీట నొక్కాను. తిరుగుతోంది. దిగడం లేదు! కొత్త బిట్ మార్చాను. దిగడం లేదు. నొక్కాను. భుజం ఆనించి నొక్కాను. మోకాలు కూడా ఆనించాను. టైలు మీద నల్లటి చుక్క, కాలిన వాసన. ఒకటో బ్యాటరీ నాలుగు దీపాల నుంచి సున్నాకి పోయింది. బావమరిది తీసేశాడు దాని ప్రాణం. వేడిగా ఉండగానే చార్జర్ మీద పెట్టి రెండోది తీశాను. అదీ అంతే! వాడు దాన్ని ముట్టుకోలేదు మరి. బహుశా వాడకుండా దాచడం వల్ల నీరసించి ఉంటుంది.

ఒక్క సాయంత్రంలో అన్ని నియమాలూ పోయాయి. ఒక్క రంధ్రమూ పడలేదు.

"బ్యాటరీలు పాడైపోయాయి," అని చెప్పాను.

"అంత జాగ్రత్తగా చూసుకున్నారు, పాపం," అంది.

మార్చి 15, శనివారం

అత్తయ్యగారు వచ్చారు. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని నడుస్తున్నారు. అది బాత్రూం గుమ్మంలో పట్టదు. గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూశారు.

"పట్టుకోవడానికి ఏముందే?" అని కూతుర్ని అడిగారు.

"నన్ను పట్టుకో అమ్మా," అంది మా ఆవిడ. నా వైపు చూడలేదు.

మార్చి 16, ఆదివారం

మా ఆవిడ రోజంతా వాళ్ళమ్మను పట్టుకునే ఉంది. తమ్ముడికి ఫోన్ చేయమంది. చేయలేదు. బ్యాటరీలకు విశ్రాంతి ఇస్తున్నానని చెప్పాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

మార్చి 17, సోమవారం

కొంచెం గాలి. కూజాలో నీళ్ళు మార్చాను.

మా ఆవిడ సెలవులన్నీ ఆసుపత్రిలోనే అయిపోయాయి. నేను సెలవు పెట్టి అత్తయ్యగారి దగ్గర ఉన్నాను. పొద్దున్న మంచం పక్కన పెట్టిన గ్లాసు మధ్యాహ్నానికీ నిండుగానే ఉంది. నీళ్ళు మార్చి ఇచ్చాను. అదీ అలాగే ఉంది.

"నీళ్ళు తాగలేదేమండీ?"

"దాహం లేదు బాబూ."

పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అప్పటికి గాని నాకు తట్టలేదు. నీళ్ళు తాగితే బాత్రూంకి వెళ్ళాలి. వెళ్ళాలంటే నా చెయ్యి పట్టుకోవాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నా ఎదురుగా కుర్చీలో కూడా కూర్చోలేదు. కూతురొచ్చేదాకా ఎండిపోదామని నిశ్చయించుకున్నారు.

వెళ్ళి డ్రిల్లు, శుక్రవారం రాత్రే మళ్ళీ నింపిపెట్టిన బ్యాటరీలు తెచ్చాను. ఆవిడ మంచం మీంచి బాత్రూం కనిపిస్తుంది. మళ్ళీ అదే నల్లటి చుక్క మీద ఆనించాను. అదే వాసన. బిట్ వదులైందేమో, ఇంకా బిగిద్దామని దాన్ని పట్టి ఉంచే డ్రిల్లు మెడ చేత్తో పట్టుకుని మీట నొక్కాను.

బిగియాల్సిన బిట్ ఊడి కింద పడింది.

పడిన బిట్ వంక చూశాను. డ్రిల్లు వంక చూశాను. మీట పైన ముందుకి, వెనక్కి అని చిన్న బొత్తాం ఉంటుంది. అది వెనక్కి ఉంది. బావమరిది బోర్డులు విప్పినప్పుడు తిప్పినది.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదండీ. వెనక్కి తిరుగుతోంది."

"ఎప్పట్నుంచి?"

"మంగళవారం నుంచి."

అత్తయ్యగారు గోడవైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని కంగారుపడి దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నారు! నోటికి చేయి అడ్డం పెట్టుకుని, తుంటి నొప్పి పుడుతుంటే "అబ్బా, అమ్మా" అనుకుంటూ నవ్వుతున్నారు.

బొత్తాం ముందుకి నొక్కాను. బిట్ సబ్బులోకి దిగినట్టు దిగింది. నాలుగు రంధ్రాలు, నాలుగు ప్లగ్గులు, నాలుగు స్క్రూలు. బాత్రూం కడ్డీకి నా బరువంతా వేసి వేలాడి చూశాను. కదల్లేదు. చివరి స్క్రూ దగ్గర బ్యాటరీ మూలిగింది. ఆపలేదు. రెండోది పెట్టి నడవ కడ్డీ మొదలుపెట్టాను. అది వేడెక్కింది. ఆపలేదు. అదీ ఆఖరి స్క్రూతోనే ఆగింది.

అత్తయ్యగారు లేచారు. నడవ కడ్డీ పట్టుకున్నారు, గుమ్మం దాటి బాత్రూం కడ్డీ అందుకున్నారు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు.

నేను నడవలోనే, చేతిలో కాలుతున్న బ్యాటరీతో నిలబడ్డాను.

అత్తయ్యగారు వచ్చి మంచం మీద కూర్చుని గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. ఖాళీ గ్లాసు నా వైపు చాచారు.

"ఇంకో గ్లాసు ఇస్తారా బాబూ?"

నిల్వ: సున్నా, సున్నా.

మార్చి 18, మంగళవారం

మబ్బు. చల్లగా ఉంది. బాత్రూంలో రాలిన పొడి ఊడ్చి, నల్లటి మరకలు తోమాను. పోలేదు.

బొత్తాం సంగతి బావమరిదికి చెప్పకూడదనుకున్నాను. అత్తయ్యగారు పొద్దున్నే ఫోన్లో చెప్పేశారు. వాడి నవ్వు ఫోన్లోంచి వంటింటి దాకా వినిపించింది.

"ఆ పుస్తకం ఈసారి మా అమ్మకివ్వండి, చదువుతుంది," అంది మా ఆవిడ. కానీ నా గ్లాసులో టీ ఇంకొంచెం పోసింది.

జరిగిందేదో జరిగింది. ఈ రోజు నుంచి మళ్ళీ మొదటి నుంచి. పాత నియమాలన్నీ అలాగే ఉంటాయి. ఒకటి కొత్తగా చేర్చాను: పని మొదలుపెట్టే ముందు బొత్తాం ఎటుందో చూడాలి. ఈసారి తప్పే ప్రసక్తి లేదు. మంచం పక్కన మూడో కడ్డీ కావాలన్నారు అత్తయ్యగారు. ఆదివారం. ఎండ ఎలా ఉన్నా సరే.

పొద్దున్న నుంచి రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి చార్జింగుకి పెడుతున్నాను, పూర్తిగా చల్లారాకే. ఒకటోది నిండింది. తీసి, తుడిచి, బట్టల అలమరలో పెట్టాను. స్వెట్టర్ల పక్కన. స్వెట్టర్లు కదపలేదు.

అత్తయ్యగారు పిలుస్తున్నట్టున్నారు. అవును, నన్నే. కూతురు ఇంట్లో ఉండగా నన్ను పిలవడం ఇదే మొదటిసారి. ఒక్క నిమిషం, ఇది పూర్తిచేసి వెళతాను.

నిల్వ: ఒకటో బ్యాటరీ నాలుగు దీపాలు. రెండోది ఇంకా చార్జర్ మీదే ఉంది, అది కూడా నిండగానే తీసి... మళ్ళీ పిలుస్తున్నారు, వెళ్తున్నా