పులిజూదంలో నా జీవితకాలపు హక్కు

జమ్మలమడుగు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందర ముప్పైయొక్క ఏండ్లు దస్తావేజులు రాసిన పౌలు అనే నేను, అరవైయేడేండ్ల వయసులో, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవురి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకుంటాండే వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది గానీ మనిషికి కుదురు లేదు. సోమవారం గుండె ఆపరేషన్. ఈ నాలుగు వరసలు రాసేలోపల మూడుతూర్లు లేసి వాకిట్లోకి పోయొచ్చినా.

1. ప్రొద్దుటూరులో నా పేరున ఉన్న రెండు గదుల ఇల్లు, బ్యాంకులో ఉన్న దుడ్లు నా తదనంతరం నా కొడుకు సంజీవ్‌కు సర్వహక్కులతో చెందవలెను. వాడు నా మాట యానాడూ వినలేదు. ఏం చేస్తాం, ఉండేది వాడొక్కడే.

2. నా రాతబల్ల, ఆఫీసు ముందర టీ అమ్మే షాహీదాబీకి. ఆమె టీలో చక్కెర శానా ఎక్కువ. ఇన్నేండ్లలో ఆ మాట ఆమెతో అనబుద్ధి కాలేదు.

3. నా ఫోన్‌లో ఉండే పులిజూదం ఆట సంగతి. నవ్వకండి.

పులివెందులలో ఉండే మా అక్క సుందరమ్మకూ నాకూ పదకొండేండ్లుగా మాటల్లేవు. నాయన స్థలం పంచుకున్నపుడు కాగితం రాసింది నేనే, బావిని నా పక్కకు రాసుకున్యా. తప్పు నాదే. మూడేండ్ల కిందట అక్క కూతురు కీర్తన మా ఇద్దరి ఫోన్లలో ఈ ఆట ఎక్కించింది. చిన్నప్పటి మాదిరే పులులు నావి, మేకలు అక్కవి. రోజుకో ఎత్తు. పొద్దున్నే మేక జరిగుంటే, అక్క బాగుంది అనుకుని నీళ్లు పోసుకునేవాణ్ణి.

ఆటకు మున్నూరు రూపాయలు కట్టినా. ‘జీవితకాలం’ అని రాసుండె. పోయిన ఏడు ఆ కంపెనీ ఆటను ఇంకొకరికి అమ్మేసింది. కొత్తోళ్లు నెలనెలా నూటయాభై కట్టమన్యారు. యాడి న్యాయమప్పా! నేను ఒక ముసలామెకు ఇంట్లో జీవితకాలపు హక్కు రాస్తే, ఆ ఇల్లు పదిమంది చేతులు మారినా ఆమెను కదిలించే మొగోడు లేడు. ఏంది ఇది అని అడిగితే, జీవితకాలమంటే మీది కాదు, పాత ఆటది అని జవాబు. నిబంధనల్లో ఉందంట, ‘అంగీకరిస్తున్నాను’ అని నేనే నొక్కినానంట. నొక్కినా, చదవకుండా. వేలిముద్ర వేసే ప్రతి మనిషికీ కాగితం గట్టిగా చదివి వినిపించినోణ్ణి, నా కాగితం నేను చదవల్యా. సిగ్గుతో సచ్చిపోయినా.

మొండికేసి మళ్లీ కట్టల్యా. ఎనిమిది నెలలాయ. పోయిన వారం కీర్తన చెప్పింది, అక్క ఫోన్‌లో ‘అవతలివారు ఆట వదిలేశారు’ అని పడిందంట. అక్క రోజూ తెరిచి ఆ మాటే చూస్తాందంట. నేను కంపెనీ మీద పంతం పట్టినా, దెబ్బ అక్కకు తగిలింది. నిన్న పరుగున దుడ్లు కట్టినా. పాత ఆటంతా తుడిచేసి ఖాళీ పలక చూపించిరి. నేను వదల్లేదక్కా. ఈ మాట నీకు తెలియకుండా పోతానేమోనని నా భయం.

కావున నా స్థలం, అందులోని బావి మా అక్క సుందరమ్మకు... ఈ వరస కొట్టివేసినాను. సాక్షి సంతకం చేసినోళ్లకు అదే వీలునామాలో ఆస్తి రాస్తే చెల్లదు. నాకు అక్క సాక్షిగా కావాల. సాక్షి అనే మనిషి రావాల, ఎదురుగా కూర్చోవాల, నేను సంతకం పెడతాంటే చూడాల. ఫోన్‌లో కుదిరే పని కాదు. కాబట్టి ఆ స్థలం, బావి కీర్తనకు చెందవలెను.

4. సాక్షులు వీలునామా చదవాల్సిన పనిలేదు. అక్క మాత్రం ఒక్కక్షరం వదలకుండా చదివినాకనే సంతకం చేయాల. కీర్తనతో కబురు పంపినా. పదకొండు గంటల పులివెందుల బస్సులో దిగలేదు. ఇంకో బస్సు ఉంది. అక్క రాకుంటే ఈ కాగితం చించేస్తా.

5. దీన్ని అమలు జరిపే బాధ్యత స్టాంపులమ్మే గఫూర్‌ది.

కొట్టివేతలు ఒకటి. దిద్దుబాట్లు లేవు.

జమ్మలమడుగు, 2025 సెప్టెంబరు 19, శుక్రవారం.

(సంతకం) పౌలు

సాక్షులు:

1. గఫూర్, స్టాంపుల వ్యాపారి, జమ్మలమడుగు.

2. సుందరమ్మ, పులివెందుల. అంతా చదివినా. మా తమ్ముడు సంతకం పెడతాంటే కండ్లారా చూసినా. వాని చెయ్యి పట్టుకున్యా. సాక్షి అట్ల పట్టుకోకూడదని గఫూర్ అన్యాడు. అయినా విడవల్యా.