పడ్డవాళ్లకే చేతికర్రంట!

గోదావరిఖని

బిడ్డా మమతా, నిన్ను కన్న మీ అవ్వ మోకాలి నొప్పితో మంచం పట్టింది కదా, మళ్లీ లేచి నడుస్తున్నది! నా సంతోషం ఈ కార్డులో పట్టదు తల్లీ. ఫోన్లో చెబుదామంటే, అరిస్తే నా బీపీ పెరుగుతుందని మీ అవ్వ ఫోను గుంజుకుంది.

అరవక ఏం చేయాలి? ముసలివాళ్లు పడిపోకుండా చేతికర్రలు ఇస్తారంటే నిన్న క్యాంపుకు ఇద్దరం నడిచే పోయాం. అక్కడి సారు, "ఒక్కసారన్న పడ్డట్టు ఎక్స్‌రే ఉంటెనే కర్ర" అన్నాడు. మీ అవ్వ ఊకుంటుందా? "గట్లయితే నువ్వే జర నూకు కొడుకా, పడి తీసుకపోత" అన్నది. అందరూ నవ్వారు, నాకు ఒళ్లు మండింది. బొగ్గుబాయిలోకి దిగకముందే దెబ్బ తగలకుండా మా తలకు గట్టి టోపీ పెట్టేవారు. తల పగిలినాక ఇస్తామని ఎవరైనా అన్నారా? అదే అడిగితే, "రూలు గట్లున్నది పెద్దయ్యా, నేనేం చెయ్యాలె" అని మొహం తిప్పుకున్నాడు. ఇదేం రూలు బిడ్డా!

అడుగున రబ్బరున్న కర్ర ఒకటి అల్లునితో జల్ది పంపు. మీ బాత్రూంలో కాలు జారే పాకురు గీకించావా? మీ అత్తమ్మ పడకుండా పైలం. పిల్లలకు మా దీవెనలు. ఇద్దరం నిలబడే దీవిస్తున్నాం.

మీ నాయన బుచ్చన్న