చెరువు గట్టు మీద పూచీ మనిషి

మస్కట్‌లో పరాయి పిల్లలకు మూడు పూటలా అన్నం పెట్టి, కన్నకొడుకును మాత్రం ఫోన్లో తిట్టి పోషిస్తున్న మా అమ్మగారి పాదాలకు చరణ్‌తేజ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఈ మధ్యాహ్నం దాకా ఆ మాటకు నాదీ హామీ.

ఫోన్ ఉండగా కాగితం ఎందుకని అడుగుతావు. నా ఫోన్ చేపల చెరువుల వాళ్ళ దగ్గరుంది, నేను వాళ్ళ గట్టు మీద ఉన్నాను. పెర్సిస్ పిన్ని ఆదివారం మీ ఊరికి విమానం ఎక్కుతోంది. నాకు ఉతికిన బట్టలిచ్చే వంకతో ఇక్కడికి వచ్చి, పడవలో కూర్చుని, ఉత్తరం తొందరగా రాయమని సైగలు చేస్తోంది.

పోయినసారి ఫోన్లో నువ్వడిగిన వాటికి జవాబులు. జుట్టు కత్తిరించుకున్నాను. బి.ఇడి.కి అప్లై చేశాను. వాన నీళ్ళు ఇంట్లోకి వచ్చాయా అన్నావు. వచ్చాయి. మంచం కింద నాలుగేసి ఇటుకలు పెట్టాం. రాజ్యం పెద్దమ్మ ఇంట్లో పెట్టలు బీరువా ఎక్కి కాపురం పెట్టాయి. ఊరి పెద్ద ఇల్లు కదా, ఆ మాత్రం దర్జా ఉండాలి.

నీళ్ళు ఎందుకొచ్చాయో కూడా చెప్పాలి. గూడెం వైపు నుంచి వచ్చిన చేపల చెరువుల రైతు మన పడవ దారికి అడ్డంగా కొత్త గట్టు పోయించాడు. మన లంకలో పడ్డ వాన బయటికి పోయే దారి అదే. "మీ గట్టుకు కాళ్ళొచ్చాయండీ, ఏటా మా వైపు నడుస్తోంది" అన్నాను ఆయనతో. నవ్వలేదు.

ఏలూరు కాలేజీలో మా హిస్టరీ మేడమ్ అమెరికాలో క్రీక్ అనే జనం సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళలో కొన్ని యుద్ధానికి, కొన్ని శాంతికి. శాంతి ఊళ్ళో రక్తం చిందకూడదు. వలస వచ్చినవాళ్ళు కంచెలు జరుపుకుంటూ వచ్చి, తమ మనిషి చస్తే చంపినవాణ్ణి అప్పగించమనేవారట. ఊరిని కాపాడుకోవడానికి మనిషిని అప్పగించడం న్యాయమేనా అని పరీక్షలో అడిగింది. న్యాయమేనని రెండు పేజీలు దంచి, పదికి ఎనిమిది తెచ్చుకున్నాను. ఇప్పుడైతే అంత ధీమాగా రాయలేను.

పోయిన వారం పట్టపగలు ఆ గట్టు తెగింది. లంకలో నీళ్ళు తీశాయి. వాళ్ళ చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి. చెరువు కాపలా మనిషి అబ్బాయిరాజు గారు తలకు దెబ్బ తగిలి ఏలూరు ఆసుపత్రిలో మాట లేకుండా పడి ఉన్నారు. చెరువుల వాళ్ళు కర్రలతో ట్రాక్టర్లెక్కి వచ్చారు. మనవాళ్ళు పడవ గెడలు తీశారు. రాజ్యం పెద్దమ్మ మధ్యలో నిలబడింది.

"కోసినోడెవడో తేలేదాకా పూచీ మనుషుల్ని మార్చుకుందామండీ. కొట్టుకోడానికి తొందరేముంది, రేపైనా కొట్టుకోవచ్చు."

తాతల నాటి పద్ధతి నీకు తెలిసిందే. ఇటు మనిషి అటు, అటు మనిషి ఇటు ఉండి, మాట కుదిరేదాకా అక్కడి అన్నమే తినాలి. మన మనిషి వాళ్ళ చేతుల్లో ఉండగా వాళ్ళ మీదికి ఎవరెళ్తారు? రైతు బావమరిది కిరణ్ కుమార్ మన లంకకు వచ్చి, సిగ్నల్ లేదని ఏడ్చినంత పని చేశాడు. ఇటు నుంచి నేను లేచాను.

"చదువుకున్నోడివి, నువ్వెందుకురా?" అంది పెద్దమ్మ.

"డిగ్రీ ఉన్న పూచీకి విలువెక్కువ పెద్దమ్మా" అన్నాను. అందరూ నవ్వారు.

గట్టు మీది కాపలా షెడ్డులో ఉంటున్నాను. నాకు వండిపెట్టేది ఎవరనుకున్నావు? అబ్బాయిరాజు గారి భార్య వీరరాఘవమ్మ గారు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి, అన్నాల వేళకు ఆటోలో తిరిగి వస్తారు.

"నాకోసం మీరు రావద్దండీ" అన్నాను.

"పూచీకొచ్చినోళ్ళని పస్తుంచితే, ఆయన లేచాక నన్ను ఊరుకుంటారా బాబూ? ఇంకో ముద్ద ఏసుకో."

ఇందాక పిన్ని చెప్పింది: "పన్ను నొప్పని చెప్పి, పొద్దున్నే వీళ్ళొచ్చి ఆ కిరణ్ కుమార్ని పడవెక్కించుకు పోయార్రా. మళ్ళీ రాలేదు. నువ్వూ ఎక్కు, పోదాం." ఎక్కలేదు. వాళ్ళ మనిషి వాళ్ళకు చేరాడు, ఇక మన మీదికి రావడానికి అడ్డు లేదు. ఇక్కడ నిన్నటిదాకా నా జోకులకు పడీపడీ నవ్విన మనిషి ఇవాళ నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకున్నాడు. షెడ్డు దగ్గర ఇద్దరుండేవాళ్ళు, ఇప్పుడు ఆరుగురు. ట్రాక్టర్లు వచ్చి ఆగాయి. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

అమ్మా, గట్టు కోసింది నేనే.

అన్నాల వేళ కాపలా ఉండదనుకుని పార తీసుకుని వెళ్ళాను. అబ్బాయిరాజు గారు ఇంటికి వెళ్ళలేదు. తూము దగ్గర నీళ్ళలో దిగి గుర్రపుడెక్క లాగుతున్నారు. నేను చూడలేదు. నాలుగు పార వేట్లు వేశాను, మిగతా పని నీళ్ళే చేశాయి, ఆయన్ని తూముకేసి కొట్టిందీ అవే. వెనక కేక వినబడింది. పట్టుబడతానని పరిగెత్తాను. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే చెయ్యందించేవాణ్ణి. లంకలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పడవెక్కితే ట్రాక్టర్లు లంక మీదికి వెళ్తాయి. చెబితే గొడవ ఊరిది కాదు, నా ఒక్కడిది అవుతుంది.

గట్టు చివర ఆటో ఆగింది. వీరరాఘవమ్మ గారు దిగారు. ఎలా ఉందని వాళ్ళలో ఒకడు అడిగాడు.

"ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారయ్యా. మంచం వెయ్యాలి" అన్నారావిడ. తర్వాత నా వైపు చూశారు. "బాబు పొద్దుట్నించి పస్తున్నట్టున్నాడు" అంటూ పొయ్యి వెలిగించి ఎసరు పెట్టారు.

వడ్డించకముందే చెప్పాలి. ఆ అన్నం తిన్నాక చెప్పడం నావల్ల కాదు.

ఇట్లు,
ఉత్తరం పిన్ని చేతికిచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్తున్న
నీ కొడుకు
చరణ్‌తేజ