మూడో అరలో చెక్క దిమ్మ

1వ తేదీ, ఉదయం 5:05
లేచాను. అలారం మోగకముందే లేచాను. నేనేనా అని అద్దంలో ఒకసారి చూసుకున్నాను కూడా.

ఈ నెల ముప్పయ్యో తేదీకల్లా నా నవల పూర్తి. రాయడమే కాదు, అచ్చు, కుట్టు, అట్ట అన్నీ అయిపోయి చేతిలో ఉండాలి. ఆ రోజే మా లైబ్రేరియన్ గారు రిటైరవుతున్నారు. అందుకని ముప్పై.

ఆ లైబ్రరీలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పుస్తకం తీసుకెళ్తే, ఆ ఖాళీలో పుస్తకమంత చెక్క దిమ్మ నిలబెడతారు. పుస్తకం పేరు, తీసుకెళ్ళినవాళ్ళ పేరు, తిరిగివ్వాల్సిన తేదీ రాసిన చీటీ దానికి అంటిస్తారు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆయన ముందు నిలబడి, "నేనూ ఒక నవల రాస్తానండీ" అని కోతలు కోశాను. ఆయన నవ్వలేదు. ఒక దిమ్మ తీసి, చీటీ మీద నా పేరు రాసి, నవలల బీరువాలో మూడో అరలో పెట్టారు. "బయటికెళ్ళిందనుకుందాం. ఎప్పుడో వస్తుంది" అన్నారు.

పందొమ్మిదేళ్ళయింది. దిమ్మ అక్కడే ఉంది. దాని మీద దుమ్ము ఆయనే తుడుస్తారు. వచ్చే నెల కొత్తాయన వస్తే, ఇదేం చెక్కరా అని అవతల పారేస్తాడు. ఈలోగా దాని చోట్లో నా పుస్తకం ఉండాలి.

దారి కూడా దొరికింది. పోయిన ఆదివారం ఒక్కరోజు శిక్షణకు వెళ్ళాను. అక్కడి గురువుగారు 'కొత్త రచయితకు పది సూత్రాలు' అని లామినేషన్ చేసిన కాగితం ఇచ్చారు. ముఖ్యమైనవి:
1. రోజూ అదే టైము, అదే కుర్చీ, వెయ్యి మాటలు.
4. ముక్కుసూటిగా చెప్పేవాళ్ళకు చూపించు.
7. పుస్తకం రాకముందే ప్రచారం మొదలుపెట్టు.
9. పదిమందికీ చెప్పేయి. పరువు కోసమైనా రాస్తావు.

రోజుకు వెయ్యి, ముప్పై రోజులు, ముప్పై వేల మాటలు. మా ఆవిడ లెక్కల టీచరు. చూపించాను.
"లెక్క వరకూ కరెక్టే" అంది.

6:00. రాసిన మాటలు: 0. డైరీలో మాత్రం చాలా రాశాను. చెయ్యి కుదురుకోవాలి కదా.

2వ తేదీ, 5:15
మొదటి వాక్యం వచ్చేసింది. "అనంత విషాద గగనపు నీలినీడల అంచున, స్మృతుల సంధ్యా తీరాన, అతని అంతరంగ తరంగం మౌనంగా విరిగింది." ఒళ్ళు గగుర్పొడిచింది.

అతను ఎవరో ఇంకా తేలలేదు. రేపు చూస్తాను.

కుర్చీ కిర్రుమంటోంది. ఆలోచన తెగిపోతోంది. నూనె వేశాను. మాటలు: 61.

4వ తేదీ, 5:50
కొంచెం ఆలస్యం. పేరు లేకుండా నవల ఎలా ముందుకు పోతుంది? పేర్ల జాబితా రాశాను. పద్నాలుగు పేర్లు. పన్నెండింటిలో 'నీడ' ఉంది.

మాటలు: పేర్లు కలుపుకుంటే 40. కలుపుకున్నాను.

6వ తేదీ, ఆదివారం
ఇవాళ ఏడో సూత్రం. ప్రచారమూ రచనలో భాగమే అని గురువుగారు గట్టిగా చెప్పారు, రచనకు సెలవు పెట్టినట్టు కాదు.

మా అమ్మాయి ఏడో క్లాసు. ఫోన్లో నాకొక పేజీ తెరిచింది. 'రచయిత' అని పెట్టింది. ఆ మాట నాలుగుసార్లు చదువుకున్నాను. నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఫోటో. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దూరంగా చూస్తూ. ముప్పై ఏడు ఫోటోలు తీసింది, అన్నిటిలోనూ నా కళ్ళద్దాల మీద కిటికీ వెలుగే. పదహారేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తున్నాను. వెలుగు పడని అద్దాలు రోజూ పదిమందికి అంటగడతాను. నా ముఖానికి మాత్రం పాతవే.

"నాన్నా, కళ్ళజోడు తీసేయ్" అంది.
తీశాను. దూరంగా చూడమంటే దూరం కనపడలేదు. ఆ ఫోటోయే బాగా వచ్చింది. చాలా లోతైన చూపు అని మా పిన్ని కామెంటు పెట్టింది.

మాటలు: 0. పేజీ చూసేవాళ్ళు: 31.

9వ తేదీ, 6:20
143 మంది. అట్ట కూడా పెట్టేశాం. నీలం రంగు, ఒక నీడ. "ఎప్పుడొస్తోంది?" అని నలుగురు అడిగారు. జవాబులు రాసేసరికి షాపు టైమయింది.

12వ తేదీ, సాయంత్రం
తొమ్మిదో సూత్రం. లైబ్రరీకి వెళ్ళి లైబ్రేరియన్ గారికి చెప్పేశాను. ముప్పయ్యో తేదీ మీ వీడ్కోలు సభలోనే నా పుస్తకం విడుదల అని.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఫ్రేము నేనే బిగించాను, మూడేళ్ళ కిందట.
"అయితే ఆ దిమ్మ నా చేత్తోనే తీస్తానబ్బాయ్. ఇంక నాకు దిగులు లేదు" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను.
"ఇంతకీ ఎంతవరకు వచ్చింది?"
"అట్ట వరకు."
"లోపల?"
"లోపల... ఆలోచనలో ఉంది."
పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. ఆ ఎర్ర పెన్ను చప్పుడు నాకెందుకో నచ్చలేదు.

15వ తేదీ
సగం నెల అయింది. ఉండాల్సినవి పదిహేను వేలు. ఉన్నవి 412.

మా బావమరిదిది ప్రింటింగ్ షాపు. నా మీద ప్రేమకొద్దీ, చెప్పకుండా మూడు వందల బుక్‌మార్కులు అచ్చేయించి తెచ్చాడు. నా ఫోటో, నీడ, 'ఎక్కడిదాకా చదివారో గుర్తు పెట్టుకోండి' అని ఒక వాక్యం.
"ఒకటి నువ్వు పెట్టుకో బావా, ఎక్కడిదాకా రాశావో గుర్తుంటుంది" అన్నాడు. వాడు అమాయకంగానే అన్నాడు. మా ఆవిడ మాత్రం వంటింట్లోకి వెళ్ళి నవ్వింది.

17వ తేదీ
నాలుగో సూత్రం. ముక్కుసూటిగా చెప్పే పాఠకులు ఎక్కడ దొరుకుతారు? ఇన్నాళ్ళూ నా ఎదురుగానే కూర్చుంటున్నారు, నాకే తట్టలేదు.

కొత్త అద్దాలు బిగించాక దగ్గరి చూపు సరిపోయిందో లేదో చూడటానికి ఒక కార్డు చదివిస్తాం. ఆ కార్డు మీద నా మొదటి పేరా అంటించాను. పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాల దాకా, పద్ధతి ప్రకారమే.

10:30. మొదటి కస్టమరు, బస్సు డ్రైవరు. "అనంత విషాద గగ... గగన..." అని ఆగిపోయాడు. అద్దం మార్చాను. మళ్ళీ ఆగాడు. ఇంకోటి మార్చాను.
"అక్షరాలు బానే ఉన్నాయండీ. అర్థమే కనపడట్లేదు" అన్నాడు.

11:15. ఒక పెద్దావిడ సగం చదివి కార్డు కింద పెట్టేసి, "నాకు తలనొప్పి వస్తోంది, నంబరు తప్పిచ్చారు" అంది.

12:00. ముగ్గురు నంబరు సరిపోలేదని వెళ్ళిపోయారు. ఓనరుగారు కార్డు తీసుకుని తనే చదివారు. రెండుసార్లు చదివారు. తర్వాత తన కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, "ఏమయ్యా, ఇది ఒకసారి చూడు, నాకూ నంబరు మారినట్టుంది" అన్నారు.

సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది. "రేపటికల్లా మామూలు మాటలతో కార్డు పెట్టు. అందరికీ అర్థమయ్యేవి. నీకు వచ్చా?" అన్నారు.

ఆ 'వచ్చా' అన్నది పొద్దుపోయేదాకా చెవిలో ఉంది.

18వ తేదీ, మధ్యాహ్నం
పాత కార్డు మీద అంటించిన నా పేరా ఊడి రాలేదు. భోజనం బల్ల దగ్గర కొత్త కార్డు మీద గబగబా ఏదో ఒకటి రాసి పెట్టేశాను. తోచింది రాశాను:

"మా వీధి చివర లైబ్రరీలో ఒక చెక్క దిమ్మ ఉంది. దాని మీద ఒక మనిషి పేరుంది. అతను రాయాల్సిన పుస్తకం ఇంకా రాయలేదు. లైబ్రేరియన్ మాత్రం రోజూ ఆ దిమ్మ మీద దుమ్ము తుడుస్తాడు."

నిన్నటి పెద్దావిడ మళ్ళీ వచ్చింది. కార్డు అందుకుని చివరి చిన్నక్షరం దాకా ఆగకుండా చదివేసింది. కార్డు వెనక్కి తిప్పింది. అక్కడేం లేదు.
"తర్వాత ఏమైంది?" అంది.
"ఏం కాలేదండీ. నంబరు సరిపోయింది."
"నంబరు సంగతి కాదు బాబూ. వాడు రాశాడా లేదా?"

కళ్ళజోడు డబ్బాతో పాటు తుడుచుకునే గుడ్డ ముక్క ఉచితం అని చెప్పాను.

22వ తేదీ
రాయలేదు. మెడ నొప్పి.

23వ తేదీ
రాయలేదు. మెడ నొప్పి తగ్గిందేమోనని రోజంతా మెడ తిప్పి చూసుకుంటే మళ్ళీ పట్టేసింది.

24వ తేదీ
కుర్చీ మార్చాను. కొత్త కుర్చీ చప్పుడు చేయదు. చప్పుడు లేకపోతే నిద్ర వస్తోంది.

26వ తేదీ
మనసులో మాట రాస్తున్నాను, ఎవరూ చదవరు కాబట్టి. 412 మాటలు పెద్ద అక్షరాల్లో, చుట్టూ బోలెడు ఖాళీ వదిలి వేస్తే పదకొండు పేజీలు వస్తాయి. మిగతా తొంభై పేజీలూ తెల్లగా వదిలేసి 'పాఠకుల ఆలోచనల కోసం' అని పెడితే?

బావమరిదిని అడిగాను.
"బావా, దాన్ని నోట్‌బుక్ అంటారు" అన్నాడు.

28వ తేదీ
జ్వరం వచ్చినట్టుంది. మా ఆవిడ థర్మామీటరు పెట్టింది. చూసి, దులిపి పెట్టేసింది.
"వెళ్ళి ఆయనకు చెప్పండి" అంది. "సభకు ముందే చెప్పండి. అందరి ముందూ ఆయన వెళ్ళి ఆ దిమ్మ మీద చెయ్యి వేసేదాకా ఉండకండి."
"ఎలా చెప్పను?"
"మామూలు మాటల్లో చెప్పండి. కార్డు మీద రాశారుగా."
కార్డు సంగతి తనకెలా తెలుసో అడగలేదు. డైరీ బల్ల మీదే వదిలేస్తాను నేను.

29వ తేదీ
వెళ్ళాను. ఆయన గదిలో లేరు. బీరువా దగ్గర, స్టూలు ఎక్కి మూడో అర తుడుస్తున్నారు. నా దిమ్మకు అటూ ఇటూ ఉన్న పుస్తకాలు కొంచెం జరిపి చోటు చేస్తున్నారు. "నీది లావుగా ఉంటుందో ఏమో" అన్నారు.

చెప్పలేకపోయాను. స్టూలు పట్టుకుని నిలబడి, వచ్చేశాను. సిగ్గుతో చచ్చాను.

30వ తేదీ
హాలు నిండింది. పేజీలో చూసి వచ్చినవాళ్ళు, షాపు ఓనరుగారు, బస్సు డ్రైవరు, పెద్దావిడ. మా బావమరిది గుమ్మంలో నిలబడి అందరికీ బుక్‌మార్కులు పంచాడు. పుస్తకం లేని బుక్‌మార్కులు పట్టుకుని అందరూ నావైపే చూశారు.

లైబ్రేరియన్ గారు లేచి బీరువా వైపు నడిచారు. ఇంక ఆగలేక అడ్డం వెళ్ళాను.
"రాయలేదండీ" అన్నాను. "అట్ట ఉంది, ఫోటో ఉంది, బుక్‌మార్కులు ఉన్నాయి. పుస్తకం లేదు. ముప్పై రోజులు కాదు, పందొమ్మిదేళ్ళు మిమ్మల్ని మోసం చేశాను."

ఆయన దిమ్మ బయటికి తీశారు. చీటీ చదివారు.
"తప్పు నాదేనబ్బాయ్" అన్నారు. "పేరు రాశాను. గడువు తేదీ వేయడం మర్చిపోయాను. తేదీ వేయకపోతే ఎవడు మాత్రం తెచ్చిస్తాడు?"

బల్ల దగ్గరికి వెళ్ళి తేదీ ముద్ర తీసి, చక్రాలు తిప్పి, సిరాలో అద్ది, చీటీ మీద గట్టిగా కొట్టారు. వచ్చే నెల ముప్పై. తన చివరి ముద్ర. దిమ్మ నా చేతిలో పెట్టారు.
"ఇది ఒక్కటే వెనక్కి తేకు. పుస్తకంతో పాటు తీసుకురా" అన్నారు. "ఆ రోజు నేను మామూలు సభ్యుడిగా వస్తాను. పుస్తకం చదవడానికి తీసుకెళ్తాను, ఆ ఖాళీలో ఇది పెడుదువుగాని." పుస్తకం కావాలని ముందే చెప్పుకునే రిజర్వు రిజిస్టరు తెరిచి మొదటి వరుసలో తన పేరు తనే రాసుకున్నారు.

పెద్దావిడ లేచి వచ్చి పెన్ను అడిగింది. రెండో వరుసలో రాసింది. మూడోది బస్సు డ్రైవరు. "మామూలు మాటల్లో ఉంటేనే" అని ముందే చెప్పాడు.

1వ తేదీ, ఉదయం 5:05
లేచాను. అలారం మోగాకే లేచాను.

లామినేషన్ కాగితం కొత్త కుర్చీ కాలి కింద పెట్టాను, ఊగకుండా. దిమ్మ బల్ల మీద ఉంది, చీటీ నా వైపు తిప్పి.

5:20. అట్ట రంగు మారిస్తే ఎలా ఉంటుంది అని రాయబోయి కొట్టేశాను.

5:30. కార్డు మీద ఉన్నదే పైన ఎక్కించుకున్నాను. దాని కింద: "ఆ లైబ్రేరియన్ రిటైరయ్యే రోజు రానే వచ్చింది. దిమ్మ మీద పేరున్న మనిషి ఆ హాల్లోనే, అందరికన్నా వెనక, మూడు వందల బుక్‌మార్కులతో నిలబడ్డాడు."

6:00. మా ఆవిడ కాఫీ తెచ్చి, నిలబడే చదివింది. ఎర్ర పెన్ను తీసి ఒక్కో మాటా లెక్కపెట్టి, కింద 44 అని వేసింది.

"రోజుకు వెయ్యి కావాలంటే ఇంకా తొమ్మిది వందల యాభై ఆరు ఉన్నాయి" అన్నాను.
"ఉండనీండి" అంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "తర్వాత ఏమైంది?"