డైనర్ అద్దం మీది ప్రశంసాపత్రం తీసివేయుటకు అనుమతి

మిల్‌హేవెన్ నగర ఆరోగ్య శాఖ, బాలల భోజన విభాగం, ముఖ్యాధికారి గారి సముఖమునకు,

లేక్ స్ట్రీట్ మూల మీద డైనర్ నడుపుకొను వాల్టర్ జెలిన్‌స్కీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ శాఖవారు దయతో ఇచ్చిన 'పిల్లల ఆరోగ్య మిత్రుడు' ప్రశంసాపత్రమును నా డైనర్ కిటికీ అద్దం మీదినుండి తీసివేయుటకు అనుమతి కోరుట గురించి.

1. బాలాహార నిబంధనలు వచ్చిన నాటినుండి నేను వాటిని తు.చ. తప్పక పాటించుచున్నాను. పిల్లల పళ్ళెంలో బంగాళాదుంప వేపుడు తీసివేసి ఆపిల్ ముక్కలు పెట్టితిని. ఆ ముక్కలు పళ్ళెంనుండి నేరుగా చెత్తడబ్బాకు పోవుచున్నవి. మా వీధి ఉడతలు మాత్రం ఈ ఏడు మంచి ఆరోగ్యంతో ఉన్నవి. పిల్లలకు పాలు లేదా మంచినీళ్ళు. తియ్యటి సోడా కావాలంటే వెంట వచ్చిన పెద్దవారు నోరు తెరిచి అడగవలెను, పిల్లవాడు అడిగిన చెల్లదు. ఇది నాలుగవ నిబంధన. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను.

2. మమ్ములను పరీక్షించుటకు తమ శాఖవారు మామూలు పిల్లల్లా నటించుటకు తర్ఫీదిచ్చి పిల్లలను పంపుచున్నారు. పోయిన వసంతంలో రెండు జడల పిల్ల ఒకర్తే వచ్చి, ఇవాళ తన పుట్టినరోజని కళ్ళనీళ్ళు పెట్టుకుని కోలా అడిగినది. వడ్డించే డార్లీన్ కరిగిపోయి గ్లాసు నింపి ఇచ్చినది. పిల్ల కళ్ళు తుడుచుకుని, ఆ గ్లాసు తీసుకెళ్ళి బయట కారులో కూర్చున్న తమ ఇన్‌స్పెక్టరు ఫెల్ప్స్ గారి చేతిలో పెట్టినది. మరొక్కసారి ఇట్లు జరిగిన లైసెన్సు రద్దు అని నాకు నోటీసు అందినది. ఆ సాయంత్రమే డార్లీన్‌ను పనిలోంచి తీసేశాను.

"పసిపిల్ల ఏడుస్తుంటే నేనేం చెయ్యను వాల్ట్?" అంది.

"ఇంటికెళ్ళి నువ్వూ ఏడువు" అన్నాను.

ఇదియును నిబంధనల అమలు కొరకేనని మనవి.

3. అటుపిమ్మట ఒంటరిగా వచ్చి సోడా అడిగే పిల్లలెవరైనా సరే, తమ శాఖ పంపిన పిల్లలేనని మేము ఖాయం చేసుకున్నాము. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, బడి వదిలే వేళకు, ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు లోపలికి వచ్చి స్టూలెక్కినాడు.

"ఆరెంజ్ సోడా" అన్నాడు.

"మీ అమ్మేదిరా?"

"పనిలో ఉంది."

"అయితే నీళ్ళు" అని గ్లాసు ముందు పెట్టాను.

"నీళ్ళు కాదు. ఆరెంజ్."

ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. మణికట్టుకి ఇనుప గొలుసు, దానికి చిన్న బిళ్ళ. గొలుసు చూశాను. బిళ్ళ మీద ఏముందో చదవలేదు.

"ఈసారి నగలు కూడా పెట్టి పంపారు" అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా.

బస్సు డ్రైవరుగా రిటైరై రోజూ నా కౌంటరు దగ్గరే కూర్చునే హ్యాంక్, "జడల పిల్లకంటే వీడు నయం. చెమట కూడా పట్టించుకొచ్చాడు చూడు" అన్నాడు. డైనరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"ప్లీజ్ సార్, అమ్మ తాగమంది" అన్నాడు పిల్లవాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"అమ్మ చెబితే చాలదు బాబూ. అమ్మ వచ్చి అడగాలి. నాలుగో నిబంధన."

స్టూలు మీంచి జారి కింద పడ్డాడు. హ్యాంక్ చప్పట్లు కొట్టాడు. నేను అద్దంలోంచి ఫెల్ప్స్ గారి కారు ఎక్కడుందా అని వీధంతా వెతికాను. కారు లేదు.

4. పిల్లవాడికి చక్కెర జబ్బు. సూదిమందు వేసుకునే పిల్లలకు ఒక్కోసారి రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుందట. అలాంటప్పుడు ఒక్క గ్లాసు తియ్యటి సోడా చాలట. బిళ్ళ మీద ఉన్నది ఆ సంగతేనట. నా సోడా మిషను వాడికి రెండు బారల దూరంలో ఉంది. వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి ఇంటికి రాలేదు.

5. పై ఉదంతముపై ఫెల్ప్స్ గారు విచారణ జరిపినారు.

"సోడా పోశారా?"

"లేదు."

"వెంట వచ్చిన పెద్దలెవరైనా అడిగారా?"

"లేదు."

"అయితే మీ తప్పేం లేదు వాల్ట్. ఊరికే మనసు పాడుచేసుకోకండి" అని భుజం తట్టి, ఒక కాఫీ తాగి వెళ్ళినారు. పిమ్మట 'ఎంత ఒత్తిడి వచ్చినను లొంగక నిబంధనను నిలబెట్టినందుకు' అను మాటలతో సదరు ప్రశంసాపత్రం వచ్చినది. వీధివైపు తిప్పి, మనిషి కంటి ఎత్తున, ఏడాది పొడవునా అద్దానికి అంటించవలెనని షరతు. ఒకసారి పీకేశాను. ఫెల్ప్స్ గారు వచ్చి స్వయంగా మళ్ళీ అంటించి, తీసివేయుట కూడా ఉల్లంఘనే అని హెచ్చరించి పోయినారు.

6. నా అద్దానికి సరిగ్గా ఎదురుగా బస్సు స్టాపు ఉన్నది. ఆ పిల్లవాడి తల్లి లొరెట్టా ప్రూయిట్ గారు ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో పని చేయుదురు. రోజూ పొద్దున అక్కడే బస్సు కోసం నిలబడి, బస్సు వచ్చేదాకా ఈ కాగితంకేసే చూస్తుంటారు. ఆమె ఉన్నంతసేపు నేను వంటగదిలోంచి బయటకు రాను. కౌంటరు దగ్గరి పొయ్యిమీద గుడ్లు మాడిపోతున్నాయి. మనిషినన్నాక ఎంతకని ఓర్చుకోను?

కావున ప్రశంసాపత్రం తీసివేయుటకు అనుమతి దయచేయగోరుచున్నాను. అది వీలుపడనిచో బస్సు స్టాపునైనను పక్క వీధికి మార్పించగోరుచున్నాను. ఈ విన్నపం చిత్తగించి, నన్ను ఈ గౌరవం నుండి కాపాడవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, తమ నిబంధనలకు మరీ విధేయుడు,
వాల్టర్ జెలిన్‌స్కీ

తా.క. కవరు అంటించబోతుండగా ప్రూయిట్ గారు రోడ్డు దాటి లోపలికి వచ్చారు. కుర్చీ తీసి అద్దం పగలగొడతారనుకున్నాను. పగలగొడితే బాగుండునని కూడా అనుకున్నాను. కాగితం దగ్గర నిలబడి, వెనకవైపు నుంచి వెలుగులో అక్షరం అక్షరం చదివారు.

"ఇది మావాడి గురించేనా?" అన్నారు.

"అవునమ్మా."

"మరి వాడి పేరేది?"

నేనూ పక్కన నిలబడి వెతికాను. లేదు.

"మీ పేరుంది. ఆఫీసరు సంతకముంది. వాడి పేరు కూడా వేయించండి" అన్నారు. పూర్తి పేరు, అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో చెప్పారు. బస్సు వస్తే వెళ్ళిపోయారు.

అందుచేత నేను పైన అడిగిందంతా కొట్టివేయండి. కాగితం ఉండనివ్వండి. మార్చి అచ్చు వేయించి పంపండి. పేరు డెస్మండ్ కర్టిస్ ప్రూయిట్, మూడో తరగతి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. బస్సు స్టాపు నుంచి చూసినా కనపడాలట.